హైదరాబాద్ నుంచి డాలస్‌కు ఎన్ని కిలోమీటర్లు, నిజంగా ఎన్ని గంటలు?

పర్లాకిమిడి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అమ్మానాన్నలు డాలస్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తున్నారు. ఇద్దరికీ అరవై దాటాయి, విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. ఒక సైట్‌లో హైదరాబాద్–డాలస్ దూరం 14,400 కి.మీ., ప్రయాణం 16 గంటలు అని ఉంది. టికెట్ల సైట్‌లో ఒక టికెట్ 24 గంటలు, ఇంకొకటి 31 గంటలు అంటోంది. ఆ 24 గంటల టికెట్ మీద ఎక్కే టైమూ దిగే టైమూ చూసి లెక్కేస్తే 13న్నర గంటలే వస్తోంది. ఇందులో ఏది నమ్మాలి, ఏ టికెట్ తీయాలి అని అడుగుతున్నారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. దూరం 14,400 కి.మీ. అన్నది నిజమే. కానీ ఆ దారిలో నేరుగా వెళ్లే విమానం లేదు కాబట్టి 16 గంటలు అన్నది మీకు పనికిరాని లెక్క. గాలిలో ఉండేది సుమారు 20 గంటలు. మధ్యలో ఆగడంతో కలిపితే 24 గంటలు. పర్లాకిమిడిలో మీ ఇంటి గుమ్మం దాటినప్పటి నుంచి డాలస్‌లో మీ చెల్లెలి ఇంటి గుమ్మం తొక్కేదాకా దాదాపు 40 గంటలు. మీ అమ్మానాన్నలకు చెప్పాల్సింది ఈ 40 గంటల సంగతి. మందులు, తిండి, నిద్ర, బట్టలు అన్నీ దాన్ని బట్టే సర్దుకోవాలి.

నేను బరంపురంలో 22 ఏళ్లుగా టికెట్లు బుక్ చేస్తున్నాను. మొదట్లో గల్ఫ్‌కు పనికి వెళ్లేవాళ్లే ఎక్కువ వచ్చేవారు. ఈ పదేళ్లలో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దవాళ్లు బాగా పెరిగారు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, అటు ఇచ్ఛాపురం, సోంపేట నుంచి కూడా వస్తారు. మీరు అడిగిన ప్రశ్నే అందరూ అడుగుతారు, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ఆ 16 గంటలు ఎక్కడి నుంచి వచ్చాయంటే, దూరం చెప్పే సైట్లు రెండు ఊళ్ల మధ్య భూగోళం మీద అతి దగ్గరి గీత గీసి, దాన్ని గంటకు 900 కి.మీ. వేగంతో భాగిస్తాయి. 14,400ను 900తో భాగిస్తే 16. అంతే. ఆ దారిలో విమానం తిరుగుతోందా లేదా అన్నది వాటికి అక్కర్లేదు.

ఆ అతి దగ్గరి గీత ఎటు వెళ్తుందో తెలుసా? నా టేబుల్ మీద ఒక గ్లోబు ఉంటుంది. మా వీధిలో పట్టుచీరలు నేసే ఇంటి నుంచి తెచ్చుకున్న పట్టుదారం మూడు మూరలు దాని పక్కనే పెట్టుకుంటాను. అడిగిన వాళ్లకు చూపిస్తాను. గ్లోబు నడుము చుట్టూ దారం చుట్టి స్కేలు మీద పెడితే 94 సెంటీమీటర్లు వచ్చింది. భూమి చుట్టుకొలత 40,000 కి.మీ. కాబట్టి ఒక్కో సెంటీమీటరు సుమారు 425 కి.మీ. అన్నమాట. ఇప్పుడు దారం ఒక కొస హైదరాబాద్ మీద వేలితో నొక్కిపట్టి, గోడ మీద మ్యాపులో కనిపించినట్టు పడమటికి, అరేబియా, ఆఫ్రికా ఎడారి, అట్లాంటిక్ మీదుగా డాలస్ దాకా లాగితే 41 సెంటీమీటర్ల పైనే పడుతుంది. అదే దారాన్ని కాస్త వదులు చేసి పైకి జరుపుతూ బిగిస్తే, అది జారుకుంటూ పోయి సరిగ్గా ఉత్తర ధ్రువం పక్కన ఆగుతుంది. అప్పుడు కొలిస్తే 34 సెంటీమీటర్లే. అంటే మూడు వేల కిలోమీటర్ల తేడా! హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ 97 డిగ్రీల పశ్చిమాన ఉంది. రెండూ కలిపితే 175. దాదాపు భూమికి అటువైపు, ఇటువైపు ఉన్నట్టే. అందుకే దగ్గరి దారి ధ్రువం మీదుగా పడుతుంది.

ఇది చూడగానే చాలామంది అడుగుతారు, మరి నేరుగా ఎందుకు వెయ్యరని. అంత దూరం ఎగిరే విమానాలు లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కి.మీ. పైచిలుకు దూరం ఆగకుండా రోజూ పోతున్నారు, పద్దెనిమిదిన్నర గంటలకు పైనే పడుతుంది. బెంగళూరు, శాన్ ఫ్రాన్సిస్కోల మధ్య 2021 జనవరిలో ఎయిర్ ఇండియా నేరుగా విమానం మొదలుపెట్టినప్పుడు, మొదటిసారి పూర్తిగా మహిళా పైలట్లే ధ్రువం మీదుగా నడిపి తెచ్చారు. అది సుమారు 14,000 కి.మీ. అదే నెలలో హైదరాబాద్–షికాగో కూడా మొదలైంది, అది 13,300 కి.మీ. దగ్గర. మన తెలుగువాళ్లు ఎంతో సంతోషించారు, నేనూ ఆ టికెట్లు కొన్ని చేశాను. తర్వాత అది ఆగిపోయింది. ఇంత దూరం ఆగకుండా వెళ్లాలంటే ఇంధనమే టన్నుల కొద్దీ మోయాలి. ఆ బరువు మొయ్యడానికే ఇంకా ఇంధనం కాలుతుంది. రోజూ సీట్లు నిండితే తప్ప గిట్టదు.

ఇంకో కారణం ఆకాశం. ఆకాశంలో అడ్డేముంది అనుకుంటాం గానీ, ఏ దేశం మీద ఎగరాలన్నా ఆ దేశం ఒప్పుకోవాలి. 2022 నుంచి అమెరికా, యూరప్ కంపెనీల విమానాలు రష్యా మీదుగా వెళ్లడం లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన దేశపు విమానాలకు మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే మన విమానాలు చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది, కొన్ని ఇంధనం కోసం వియన్నాలో ఆగాయి కూడా. అదే ఏడాది జూన్ 23న ఖతార్ కొన్ని గంటలు తన ఆకాశం మూసింది. ఆ రాత్రి దోహా మీదుగా వెళ్లాల్సిన వాళ్ల ఇళ్ల నుంచి నాకు తెల్లవార్లూ ఫోన్లే. కిలోమీటర్లు మారకపోయినా గంటలు మారిపోయే సందర్భాలు ఇవి. అందుకే టికెట్ తీసిన రోజు చూసిన టైమును ప్రయాణానికి వారం ముందు, మళ్లీ ముందు రోజు సరిచూసుకోవాలి.

సరే, ఉన్న దారులు చూద్దాం. దుబాయ్ మీదుగా అయితే హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కి.మీ., అక్కడి నుంచి డాలస్ 12,900 కి.మీ. మొత్తం 15,450 దగ్గర. దోహా మీదుగా 2,900, 12,750 కలిపి 15,650. లండన్ మీదుగా 7,750, 7,630 కలిపి 15,380. చూశారా, నేరు దూరం కన్నా ఏ దారిలోనైనా వెయ్యి, పన్నెండు వందల కిలోమీటర్లే ఎక్కువ. దూరం బట్టి దారి ఎంచుకోవడంలో అర్థం లేదు. తేడా అంతా ఎక్కడ ఆగుతారు, ఎంతసేపు ఆగుతారు అన్నదాంట్లోనే ఉంది.

గల్ఫ్ దారిలో మొదటి విమానం నాలుగు గంటలు, రెండోది 16 గంటల పైన. లండన్ దారిలో రెండూ తలా పది గంటలు అటూ ఇటూ. పెద్దవాళ్లకు ఏది మంచిదంటే, మోకాళ్ల నొప్పులు, మధుమేహం ఉన్నవాళ్లకు నేను లండన్ లాంటి సగం-సగం దారే చెబుతాను. పదహారు గంటలు ఒకే కుర్చీలో కూర్చోవడం అరవై దాటిన మనిషికి చిన్న విషయం కాదు. కానీ భాష రాని వాళ్లు, మొదటిసారి వెళ్లేవాళ్లు అయితే గల్ఫ్ దారే నయం. దుబాయ్, దోహాల్లో అడుగడుగునా మనవాళ్లు ఉంటారు. తెలుగులో అడిగినా ఎవరో ఒకరు పలుకుతారు, హిందీ అయితే చెప్పనే అక్కర్లేదు. మీ అమ్మగారికి ఒడియా, తెలుగు, కొంచెం హిందీ వచ్చు అని రాశారు కదా, గల్ఫ్ దారిలో ఆవిడకు ఇబ్బంది ఉండదు. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట్ల మీదుగా అయితే, చేతిలో అమెరికా వీసా ఉన్నా సరే, ట్రాన్సిట్ వీసా (మధ్యలో ఆగే దేశం అడిగే వీసా) సంగతి టికెట్‌కు డబ్బు కట్టకముందే విమాన కంపెనీని అడిగి తేల్చుకోండి.

ఇక ఆ 13న్నర గంటల సంగతి. టికెట్ మీద ఉండే ప్రతి టైమూ ఆ ఊరి గడియారం ప్రకారం ఉంటుంది. మీ టికెట్‌లో హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4:20కి ఎక్కడం, డాలస్‌లో అదే రోజు సాయంత్రం 5:50కి దిగడం అని ఉంది. డాలస్ మనకన్నా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. వాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కు జరుపుతారు. మీరు వెళ్లేది మే నెలలో కాబట్టి 13న్నరకు పదిన్నర కలపండి. 24 గంటలు వచ్చిందా? సైట్ చెప్పింది అదే. తిరుగు ప్రయాణంలో ఇది తలకిందులవుతుంది. శనివారం మధ్యాహ్నం 12కి డాలస్‌లో ఎక్కి, 22 గంటల ప్రయాణం చేస్తే, మన దగ్గర దిగేది ఆదివారం రాత్రి 8:30కి. టికెట్ చూస్తే 32 గంటల పైన పట్టినట్టు ఉంటుంది. భయపడకండి.

వచ్చేటప్పుడు రెండు గంటలు తగ్గడానికి కారణం గాలి. విమానాలు ఎగిరే ఎత్తులో, ముప్పై నలభై వేల అడుగుల దగ్గర, పడమటి నుంచి తూర్పుకు గట్టి గాలి ఎప్పుడూ వీస్తూ ఉంటుంది. చలికాలంలో ఇంకా జోరుగా ఉంటుంది. అటు వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి, ఇటు వచ్చేటప్పుడు తోసే గాలి. దుబాయ్ నుంచి డాలస్‌కు 16 గంటలు దాటితే, డాలస్ నుంచి దుబాయ్‌కు పద్నాలుగున్నర, పదిహేను గంటల్లో వచ్చేస్తారు. ఎయిర్ ఇండియా 2016 అక్టోబర్‌లో ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని ఈ గాలి కోసమే అట్లాంటిక్ వైపు కాకుండా పసిఫిక్ మీదుగా పంపింది. దూరం వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగి 15,300 అయింది, అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది. దూరం ఎక్కువైనా టైము తగ్గవచ్చు అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట, తేదీ. మా దగ్గర జరిగే పొరపాట్లలో సగం ఇదే. టికెట్ మీద 15వ తేదీ ఉదయం 4:20 అని ఉంటే, మీరు ఇంటి నుంచి బయలుదేరాల్సింది 14వ తేదీ మధ్యాహ్నం. గుణుపురం నుంచి ఒక పెద్దాయన, భార్యను వెంటపెట్టుకుని, రాత్రి 12:40 విమానానికి ఆ తేదీ రాత్రే శంషాబాద్ చేరారు. తొమ్మిది గంటలకే వెళ్లి కూర్చున్నారు, ఎంతో ముందొచ్చామని అనుకున్నారు. అప్పటికి వాళ్ల విమానం వెళ్లిపోయి ఇరవై గంటలయింది. టికెట్ నేనే చేశాను, తేదీ నోటితో చెప్పాను, కానీ ‘ఏ రోజు రాత్రి’ అన్నది విడమరచి చెప్పలేదు. ఆ రాత్రి ఆయన ఫోన్‌లో ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అప్పటి నుంచి ప్రతి టికెట్ వెనక స్కెచ్ పెన్‌తో తెలుగులో రాసి ఇస్తున్నాను: ‘ఫలానా వారం, ఫలానా తేదీ, మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇంటి నుంచి బయలుదేరాలి’ అని. మీరూ అలాగే ఒక కాగితం రాసి వాళ్ల పాస్‌పోర్టులో పెట్టండి.

మీ 40 గంటల లెక్క ఇలా ఉంటుంది. 14వ తేదీ మధ్యాహ్నం 2కి పర్లాకిమిడిలో కారు ఎక్కితే సాయంత్రం 6 ప్రాంతంలో విశాఖ విమానాశ్రయం. రాత్రి 8 ప్రాంతంలో హైదరాబాద్ విమానం, గంటంపావు ప్రయాణం. అక్కడ దేశీయం, అంతర్జాతీయం రెండూ ఒకే భవనంలో ఉన్నాయి, బస్సు ఎక్కి ఇంకో టెర్మినల్‌కు పోయే బాధ లేదు. తెల్లవారుజామున 4:20 విమానానికి మూడు గంటల ముందే లైన్‌లో ఉండాలి కాబట్టి ఆ మధ్య ఖాళీ దొరికేది మూడు నాలుగు గంటలే. ఇంటి నుంచి తెచ్చుకున్నది తిని కాసేపు నడుం వాల్చడానికి సరిపోతుంది. తర్వాత 24 గంటలు. డాలస్‌లో ఇమ్మిగ్రేషన్, సామాను కలిపి గంటన్నర. ఇంటికి ముప్పావుగంట. అప్పటికి అక్కడ రాత్రి 8 దాటుతుంది, మనకు 16వ తేదీ ఉదయం ఆరున్నర. మధ్యాహ్నం భోజనం చేసి బయలుదేరిన మనుషులు రెండు రాత్రులు మంచం ఎక్కకుండా ఉన్నారన్నమాట.

బరంపురం నుంచి వెళ్లేవాళ్లు చాలామంది రైల్లోనే వెళ్తారు, ఫలక్‌నుమా గానీ విశాఖ ఎక్స్‌ప్రెస్ గానీ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగుతారు. రైలు మంచిదే, ఖర్చూ తక్కువే. కానీ దిగిన రోజే విమానం పెట్టుకోకండి. తుపాను రోజుల్లో, అక్టోబర్, నవంబర్‌లలో, మన తూర్పు తీరం లైను ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? ఒక రోజు ముందు చేరి, చుట్టాల ఇంట్లోనో లాడ్జిలోనో ఒక రాత్రి బాగా నిద్రపోయి విమానం ఎక్కితే ఆ 24 గంటలు చాలా తేలికవుతాయి.

విశాఖ–హైదరాబాద్ టికెట్ విడిగా తీస్తే, మధ్యలో కనీసం ఆరు గంటలు ఉంచండి. విడి టికెట్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా రెండో కంపెనీకి బాధ్యత లేదు. డబ్బంతా పోతుంది. ఒకే పీఎన్ఆర్ మీద మొత్తం ప్రయాణం ఉంటే, కనెక్షన్ తప్పినా తర్వాతి విమానంలో వాళ్లే పంపాలి, సామాను కూడా డాలస్ దాకా వాళ్లే చేరుస్తారు. వెయ్యి, రెండు వేలు ఎక్కువైనా ఒకే పీఎన్ఆర్ తీయండి అని నేను అందరినీ బతిమాలుతాను.

అయితే ఒకే టికెట్ కదా అని మధ్యలో గంటే ఉన్నది కూడా తీయకూడదు. ఇది నా సొంత అనుభవం. 2017 డిసెంబర్‌లో మా అమ్మాయి పురుటికి నేనూ నా భార్యా వెళ్లాం. మధ్య ఊళ్లో కనెక్షన్ 70 నిమిషాలే. సైట్‌లో ఉంది కదా, కంపెనీయే అమ్ముతోంది కదా అని తీసేశాను. హైదరాబాద్‌లో పొగమంచుకు 50 నిమిషాలు ఆలస్యం. దిగి సెక్యూరిటీ లైన్ దాటేసరికి గేటు మూసేశారు. అద్దం అవతల మా విమానం కనిపిస్తూనే ఉంది, దానికి ఆనించిన వంతెన మెల్లగా వెనక్కి జరుగుతోంది. నా భార్య ఒక చేత్తో మోకాలు పట్టుకుని, ఇంకో చేత్తో ఆ అద్దం మీద తట్టింది. కౌంటర్‌లో మర్నాడు పొద్దున విమానం ఇచ్చారు గానీ హోటల్ గది లేదన్నారు. పద్నాలుగు గంటలు ఇనుప కుర్చీల మీదే గడిపాం. టికెట్లే వృత్తిగా ఉన్నవాణ్ని నేనే ఆ తప్పు చేశాను. పెద్దవాళ్లకు మధ్యలో మూడు నుంచి నాలుగున్నర గంటలు ఉండేలా చూడండి. అంతకు తక్కువైతే పరుగు, ఎక్కువైతే నడుం నొప్పి. మీరు చూసిన 31 గంటల టికెట్‌లో మధ్యలో పది గంటలకు పైగా ఆగడం ఉంది, అందుకే పదిహేను వేలు తక్కువ. మీ వయసు వాళ్లు అయితే తీయవచ్చు, మీ అమ్మానాన్నలకు వద్దు. మీకు నా మాట: ఆ 24 గంటల టికెట్ తీయండి, దానిలో ఆగేది మూడు ముప్పావు గంటలు, సరిగ్గా సరిపోతుంది.

అమెరికాలోనే ఇంకో ఊరు మారి డాలస్ వెళ్లే టికెట్లు కూడా కనిపిస్తాయి, న్యూయార్క్‌లోనో షికాగోలోనో దిగి. అలాంటప్పుడు దిగిన మొదటి ఊళ్లోనే ఇమ్మిగ్రేషన్, సామాను బెల్టు మీంచి తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించడం, మళ్లీ సెక్యూరిటీ. మొదటిసారి వెళ్లే పెద్దవాళ్లకు ఇది చాలా కష్టం. డాలస్‌కే నేరుగా దిగే రెండో విమానం ఉన్న టికెట్ చూడండి.

వీల్‌చైర్ టికెట్ తీసేటప్పుడే అడగండి, ఇద్దరికీ. నడవగలం, మాకెందుకు అని మీ నాన్నగారు మొహమాటపడతారు, అందరు నాన్నలూ పడతారు. ఇది నడవలేనందుకు కాదు, దారి తప్పకుండా ఉండేందుకు అని చెప్పండి. మనిషి వచ్చి గేటు దాకా తీసుకెళ్తాడు. సీట్లు నడవా పక్కన తీసుకోండి, రెండు గంటలకోసారి లేచి నాలుగు అడుగులు వేయాలి, నీళ్లు తాగుతుండాలి. బీపీ, షుగర్ మందులు చేతి సంచిలోనే, డాక్టర్ చీటీతో సహా ఉండాలి. పెద్ద సూట్‌కేసులో వేస్తే 24 గంటలు చేతికి అందవు.

మందుల టైము విషయంలో ఒక చిన్న పద్ధతి చెబుతాను. మీ నాన్నగారి చేతి వాచీ దారి పొడుగునా మన టైములోనే ఉంచమనండి, మార్చవద్దు. సెల్‌ఫోన్ ఎక్కడ దిగితే అక్కడి టైముకు దానంతట అదే మారుతుంది. విమానం ఎక్కడానికి ఫోన్ చూడాలి, మాత్ర వేసుకోవడానికి వాచీ చూడాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లయితే మాత్రం బయలుదేరే ముందే డాక్టర్‌ను కలిసి ప్రయాణపు రోజుకు, చేరాక మొదటి రెండు రోజులకు ఎలా వేసుకోవాలో కాగితం మీద రాయించుకోండి. మీ అమ్మగారికి షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే చెప్పండి, దారిలో భోజనం ముందుగా ఎలా చెప్పి పెట్టుకోవాలో కూడా రాస్తాను.